వడ్రంగిపిట్ట అన్న మొదటి మాట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సింహం లేదు, రాజు లేడు, మంత్రి నక్క కూడా లేదు. సంత మాత్రం ఉంది. కాబట్టి ఈ కథలో ఎవరి తప్పుకి వాళ్ళే పూచీ. రాజు మీదికి నెట్టేద్దామంటే కుదరదు, ముందే చెబుతున్నాను.

అడవి నడుమ ఒక పెద్ద నల్లమద్ది చెట్టు. దాని మానులో లోతైన తొర్ర. ఆ తొర్రలో తేనెటీగలు. వాటి తేనె రుచి గురించి నేను చెప్పను, మీకు నోరూరితే కథ వినరు.

వానాకాలం వస్తే అడవిలో పూలుండవు. పూలు లేకపోతే తేనెటీగలకి ఆకలి. ఒక ఏడు శ్రావణమాసంలో అవి అడవి జంతువులన్నిటినీ పిలిచి ఒక మాట చెప్పాయి.

"ఈ వానల్లో మాకు తిండి పెట్టండి. ఎండు ఇప్పపూలు, మగ్గిన పళ్ళు, ఏదైనా సరే. పెట్టినవాళ్ళకి మైనపు బిళ్ళలు ఇస్తాం. పుష్యమాసంలో తొర్ర తెరుస్తాం. మాకు కావలసింది మేముంచుకుని మిగతా తేనెంతా బిళ్ళలకి సమంగా పంచుతాం. ఎక్కువుంటే ఎక్కువ, తక్కువుంటే తక్కువ. అసలే లేకపోతే మమ్మల్ని తిట్టకూడదు."

అందరూ తలలూపారు. తిండి పెట్టారు. బిళ్ళలు తీసుకున్నారు. తీసుకుని మరిచిపోయారు. కోతులు వాటిని కొమ్మల మీద నుంచి విసురుకున్నాయి. కుందేలు గంతులయ్య పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకున్నాయి. సంతలో ఎవరైనా బిళ్ళ అమ్ముదామని తెస్తే అర దొప్ప ఇప్పపూలకి మించి ఇచ్చేవాళ్ళు లేరు.

ఆ సంతకి దూరంగా, రాళ్ళగుట్ట కింద, సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. తేనెటీగల పిలుపు అంత దూరం అందలేదు. తనకి ఇద్దరు పిల్లలు. పోయిన ఏడు పుష్యమాసమంతా ఆ పిల్లలిద్దరూ దగ్గుతూనే ఉన్నారు. ఒకరు ఆపితే ఒకరు. పిప్పళ్ల పొడి పెడితే ఘాటుకి ఉమ్మేశారు. పొడిని తేనెలో రంగరించి నాకిస్తే తగ్గుతుందని అడవిలో అందరికీ తెలుసు. సూదమ్మకీ తెలుసు. తేనే లేదు.

"ఈ ఏడు చలికాలానికి ఇంట్లో తేనె ఉండాలి," అనుకుంది సూదమ్మ. "ఆ బిళ్ళలు కొన్ని కొనాలి." రేపు వెళదాం అనుకుంది. మర్నాడు వాన. ఎల్లుండి వెళదాం అనుకుంది. ఎల్లుండి కాళ్ళ నొప్పులు. ఇలా శ్రావణం గడిచిపోయింది.

ఇప్పుడు మన పెద్దమనిషి వస్తున్నాడు. పేరు టకటకయ్య. జాతికి వడ్రంగిపిట్ట. నెత్తిన ఎర్రని కుచ్చు. మానుని ముక్కుతో నాలుగు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, లోపల డొల్ల ఎంత, నిండు ఎంత అని చెప్పేస్తాడు. తొర్రలోకి తొంగి చూస్తే తేనెటీగలు కుడతాయి కదా. అందుకని లోపల ఏముందో బయటి నుంచి చెప్పగలిగినవాడు అడవి మొత్తానికి అతనొక్కడే. పనిలో మోసం లేదు. బిళ్ళలు తను కొనడు, అమ్మడు. గొప్పగా తెలివైనవాడు. గొప్పలు పోయేవాడు కూడా.

భాద్రపదంలో ఒక సంత రోజు పొద్దున్న టకటకయ్య నల్లమద్ది మాను కొట్టి చూశాడు. తర్వాత సంతకి కాస్త ఎగువన ఉన్న ఎండు చెట్టు కొన మీద వాలాడు. కింద జంతువులు గుంపుగా చేరాయి.

"మద్దితొర్ర బిళ్ళల సంగతి చెబుతున్నాను," అన్నాడు టకటకయ్య. అని కుచ్చు ఎగరేశాడు. "కొనండి."

అంతే. ఆ ఒక్క మాటకి గుంపు చెదిరిపోయింది. కోతులు కొమ్మలందుకున్నాయి. గంతులయ్య ఒక్క గెంతులో పొద దాటాడు. ముందు వెళ్ళినవాడికి చౌక, వెనక వెళ్ళినవాడికి ప్రియం అని అందరికీ తెలుసు. టకటకయ్య ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. వినడానికి కింద గడ్డి తప్ప ఎవరూ లేరు.

సూదమ్మ కూడా పరుగెత్తింది. కానీ ముళ్లపంది పరుగు మీరు చూడలేదు. పరుగెత్తుతున్నాననుకోవడం ఎక్కువ, పరుగు తక్కువ. గలగల గలగలమని ముళ్ళు మోగించుకుంటూ సంత జరిగే చప్టా బండ దగ్గరికి చేరేసరికి, పొద్దున్న అర దొప్ప పలికిన బిళ్ళ నాలుగు దొప్పలైంది.

"పొద్దున్న అర దొప్పే కదయ్యా," అంది సూదమ్మ.

"పొద్దున్న టకటకయ్యగారు నోరు విప్పలేదక్కా," అన్నాడు గంతులయ్య. పిల్లల దగ్గర లాక్కున్న తొక్కుడుబిళ్ళలని అతను అప్పుడే తుడిచి అమ్మకానికి పెట్టాడు.

మిమ్మల్నే అడుగుతున్నాను. పొద్దున్నకీ మధ్యాహ్నానికీ మధ్య తొర్రలో ఒక్క చుక్క తేనె పెరిగిందా? పెరగలేదు. ఒక్క ఈగ కొత్తగా పుట్టిందా? పుట్టి ఉండొచ్చు, ఒక్కటి. మరి ధర ఎనిమిదింతలు ఎలా అయింది? అన్నాళ్ళూ ఎవరూ చూడని చెట్టు వైపు ఒకడు వేలు చూపించాడు, అందరూ ఒక్కసారే చూశారు. అంతకుమించి ఏమీ జరగలేదు.

సూదమ్మ దగ్గర ఇప్పపూలు లేవు. చలికాలానికని తవ్వి, గోతిలో దాచుకున్న తియ్య గడ్డలున్నాయి. వాటినన్నిటినీ మోసుకొచ్చి ఇచ్చింది. వచ్చింది గుప్పెడు బిళ్ళలు. గోయి ఖాళీ అయింది. ఇంటికి వెళ్ళి పిల్లలకి బిళ్ళలు చూపించింది.

"ఇవి తింటారా అమ్మా?" అని అడిగాడు పెద్దవాడు.

"తినరు."

"మరి తినేవి ఇచ్చి తిననివి తెచ్చావెందుకు?"

సూదమ్మ బిళ్ళలు మూట కట్టి మెడలో వేసుకుంది. "పడుకో," అంది.

కొన్ని రోజులకి మళ్ళీ టకటకయ్య మాను కొట్టాడు. మళ్ళీ ఎండు చెట్టెక్కాడు. మళ్ళీ అందరూ చేరారు. ఈసారి గుంపు రెండింతలు.

"ఉంచుకోండి," అన్నాడు టకటకయ్య.

జంతువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి.

"కొనండి అనలేదు," అంది ఒక ముసలి కోతి.

"అమ్మండి అని కూడా అనలేదు," అన్నాడు గంతులయ్య.

"పోయినసారి కొనండి అన్నవాడు ఈసారి అనలేదంటే లోపల ఏదో ఉంది."

"ఏముంది?"

"ఏదో. అది తెలిస్తే నేనెందుకిలా ఉంటాను? పద పద."

మళ్ళీ పరుగు. ఉంచుకోండి అన్న మాటకి అందరూ అమ్మడానికి వెళ్ళారు. సాయంత్రానికి బిళ్ళ రెండు దొప్పలకి దిగింది. సూదమ్మ కూడా గలగలమంటూ పరుగెత్తింది. తను చేరేసరికి సంత ముగిసి బండ మీద ఎంగిలాకులు ఎగురుతున్నాయి. అమ్ముదామన్నా కొనేవాళ్ళు లేరు. ఉసూరుమంటూ ఇంటికొచ్చింది.

ఆశ్వయుజం వచ్చింది. మూడోసారి టకటకయ్య మాను కొట్టాడు. కొట్టి, చెవి ఆనించి, ముక్కు చిట్లించాడు. అంత దూరం నుంచే ఆ చిట్లింపు చూసి కోతులు అప్పుడే కొమ్మలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాయి.

ఎండు చెట్టు మీద వాలి అన్నాడు. "అమ్మండి."

అడవి అదిరింది. ఆ పరుగులో జింక దుప్పిని తోసింది, దుప్పి అడవిపందిని తోసింది, అడవిపంది ఎవరినీ తోయకుండానే అందరూ తప్పుకున్నారు. సూదమ్మ కూడా ప్రాణం పెట్టి పరుగెత్తబోయింది. పక్కనే బలుసు పొద. పొద ముళ్ళూ సూదమ్మ ముళ్ళూ చిక్కుపడ్డాయి. ముందుకి లాగితే రాదు, వెనక్కి లాగితే రాదు.

"అయిపోయింది," అనుకుంది సూదమ్మ. "గడ్డలూ పోయాయి, బిళ్ళలూ పోయాయి, నేను ఈ పొదలో ఉండిపోయాను."

పైనుంచి మాట వినిపిస్తోంది. టకటకయ్య ఖాళీ నేలకి ఉపన్యాసం ఇస్తున్నాడు. ఎవరున్నా లేకపోయినా చెప్పాల్సింది పూర్తిగా చెప్పడం అతనికి అలవాటు.

"ఎందుకు అమ్మమంటున్నానంటే," అంటున్నాడు, "పోయినసారి కంటే తొర్రలో తేనె జానెడు కిందికి దిగింది. దొంగతనం కాదు. రోగం కాదు. తేనెటీగలే తింటున్నాయి. తిని మైనం కడుతున్నాయి. కొత్త పట్లు వేలాడదీస్తున్నాయి. అందువల్ల వచ్చే సంతకి తేనె ఇంకా తగ్గుతుంది. ఆ తర్వాతి సంగతి నేను చూడలేదు. నా మాట వచ్చే సంత దాకానే చెల్లుతుంది."

సూదమ్మ పెనుగులాట ఆపింది. "టకటకయ్యగారూ," అని పిలిచింది.

టకటకయ్య ఉలిక్కిపడ్డాడు. తన మాట చివరిదాకా విన్నవాళ్ళని ఇన్నాళ్ళలో అతను చూడలేదు. "ఎవరది?"

"సూదమ్మని. పొదలో చిక్కుకున్నాను. కొత్త పట్లు కడుతున్నాయంటే అవి పెద్ద పంటకి సిద్ధమవుతున్నట్టే కదండీ. అలాంటప్పుడు అమ్మమంటారేమిటి?"

"నన్నెవరూ పుష్యమాసం గురించి అడగరమ్మా. వచ్చే సంతకి ధర తగ్గుతుందా పెరుగుతుందా అని అడుగుతారు. తగ్గుతుందన్నాను. చూడు, తగ్గుతోంది."

"మీరు అన్నారు కాబట్టి తగ్గుతోంది."

టకటకయ్య కొమ్మ మీద అటు జరిగి ఇటు జరిగాడు. "అదీ ఒక కారణమే," అన్నాడు చివరికి. దిగి వచ్చి, ముక్కుతో ఒక్కో బలుసు ముల్లూ విరిచి సూదమ్మని విడిపించాడు. మాటెలా ఉన్నా ముక్కు మంచిది.

సూదమ్మ సంతకి వెళ్ళలేదు. ఎలాగూ వెళ్ళినా ఆలస్యమే. తిన్నగా నల్లమద్ది చెట్టు దగ్గరికి వెళ్ళింది. తొర్ర గుమ్మంలో పుప్పొడమ్మ అనే తేనెటీగ కాపలా ఉంది.

"దూరం నుంచి మాట్లాడు," అంది పుప్పొడమ్మ. "నీ ముళ్ళు చూస్తే మా వాళ్ళు తమకి పోటీ వచ్చిందనుకుంటారు."

"ఒక్క మాట అడిగి పోతానమ్మా. మీ తేనె మీరే తింటున్నారట."

"తింటున్నాం. తినకుండా మైనం ఎక్కడి నుంచి వస్తుంది? కుంకుడు చెట్లు పూస్తే ఒక్కసారే వచ్చి పడుతుంది తేనె. అప్పుడు దాచడానికి గదులు లేకపోతే ఎక్కడ పోయమంటావు, నీ నెత్తినా? ఇప్పుడు తింటున్నది అప్పుడు దాచుకోవడానికే."

"కుంకుళ్ళు పూయకపోతే?"

పుప్పొడమ్మ రెక్కలాడించడం ఆపింది. "పూయకపోతే మీకూ లేదు, మాకూ లేదు. మీరు బిళ్ళ అమ్ముకుని వెళ్ళిపోతారు. మేం ఈ తొర్రని ఎవరికి అమ్ముతాం చెప్పు?"

ఆ జవాబు సూదమ్మకి నచ్చింది. తీపి జవాబు కాకపోయినా నచ్చింది. అక్కడి నుంచి కుంకుడు చెట్ల వైపు నడిచింది. మెల్లగానే నడిచింది, ఈసారి ఎవరితోనూ పోటీ లేదు.

కుంకుడు చెట్ల కింద ఒక ఎలుగుబంటి వెనక కాళ్ళ మీద నిలబడి, ముక్కు పైకెత్తి కొమ్మలని వాసన చూస్తోంది. అడవిలో అందరూ ఎలుగు మామ అంటారు. తేనె విషయంలో అతనికున్న శ్రద్ధ ఇంకే విషయంలోనూ లేదు. సొంత పెళ్ళి విషయంలో కూడా లేదని చెప్పుకుంటారు.

"మొగ్గలున్నాయా మామా?" అంది సూదమ్మ.

"గింజంత. కానీ చెట్టంతా ఉన్నాయి," అన్నాడు ఎలుగు మామ. "కార్తీకంలో వాన కొట్టకపోతే చాలు. నేను సంతకి పోతున్నా, బిళ్ళలు కొనడానికి."

"ఇప్పుడు ధర ఎంతుందో తెలుసా?"

"నాకెందుకే ధర? నేను తినేది తేనె. ఎవరూ వద్దంటున్న రోజున మనల్ని తోసేవాళ్ళుండరు, హాయిగా కొనుక్కోవచ్చు." మామ సూదమ్మ మెడలో వేలాడుతున్న మూట చూశాడు. "నీవీ అమ్ముతావా? గడ్డలిస్తాను. నువ్వు పెట్టినన్ని ఇవ్వలేను, సగం ఇస్తాను."

ఇదీ అసలు ఘట్టం. సూదమ్మ నిలబడిపోయింది. సగం గడ్డలు. సగం గోయి నిండుతుంది. పిల్లలకి పూట పూటకీ తియ్య గడ్డ. కానీ తేనె ఉండదు. అమ్మకపోతే? కుంకుళ్ళు పూస్తే తేనె. వాన కొడితే తేనే లేదు, గడ్డలూ లేవు, దగ్గు మాత్రం ఉంటుంది.

అదే సమయానికి గంతులయ్య సంత నుంచి తిరిగొస్తున్నాడు. చేతిలో ఒక దొప్ప, మొహంలో వెలుగు. "అక్కా, నేను అమ్మేశాను. అప్పుడు అమ్మినవాణ్ణే ఆశపడి మళ్ళీ నాలుగు దొప్పలకి కొన్నాను, ఇప్పుడు దొప్పకి అమ్మాను."

"మరి అంత సంతోషమేమిటయ్యా?"

"నా తర్వాత వచ్చినవాడికి అర దొప్పే వచ్చింది. వాడి మొహం నువ్వు చూడాలి." గంతులయ్య మూట వైపు చూశాడు. "ఇంకా ఉంచుకున్నావా? అమ్మేయ్ అక్కా. టకటకయ్యగారంతటివాడు చెప్పాక ఇంకా ఏం చూస్తావు?"

"ఎందుకు అమ్మమన్నాడో విన్నావా?"

"ఎందుకో వింటూ కూర్చుంటే ఎప్పుడు అమ్మను?"

సూదమ్మ పైకి చూసింది. కొమ్మ కొమ్మకీ ఆవగింజంత ఆకుపచ్చని మొగ్గలు. మూటని మెడకి ఇంకాస్త బిగించి కట్టుకుంది.

"మామా, నేను అమ్మను," అంది.

"మంచిది," అన్నాడు ఎలుగు మామ. "నేనైనా అమ్మను." అని సంతకి వెళ్ళిపోయాడు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకోకండి. సరైన పని చేసిన వెంటనే ఎవరూ దండ తెచ్చి వెయ్యరు. సూదమ్మ పిల్లలు ఆ నెలంతా చేదు వేళ్ళు నమిలారు. "అమ్మా, ఇవి వేళ్ళా, వేప బెరడా?" అని అడిగింది చిన్నది. "తిను, అరుగుతుంది," అంది సూదమ్మ. తనూ అవే తింది. మొహం చిట్లించకుండా తినడానికి చాలా కష్టపడింది.

ఈలోగా టకటకయ్య నల్లమద్ది చెట్టుని వదిలేశాడు. ఉడుతల చింతగింజల కొట్టు కొత్తగా వచ్చింది, దాన్ని కొట్టి చూడటం మొదలుపెట్టాడు. గుంపు అటు మళ్ళింది. మద్దితొర్ర పేరెత్తేవాళ్ళు లేరు. బిళ్ళ ధర ఎంతని అడిగితే, "ఏ బిళ్ళ?" అనడం దాకా వచ్చింది. అతను అమ్మండి అన్నప్పుడు కనీసం ధర ఉండేది. ఊరుకున్నాక అది కూడా పోయింది. గంతులయ్య పిల్లలు ఎక్కడో దొరికిన ఒకే ఒక్క బిళ్ళతో, అది నలిగి పొడయ్యేదాకా, మళ్ళీ తొక్కుడుబిళ్ళ ఆడుకున్నాయి.

సూదమ్మ మాత్రం రోజూ కుంకుడు చెట్ల దాకా వెళ్ళి వచ్చేది. ఒక రోజు కార్తీకంలో మబ్బు పట్టింది. నల్లగా, కిందికి వేలాడుతూ. సూదమ్మ చెట్టు కింద నిలబడి మబ్బుతో మాట్లాడింది.

"నీకు పడాలని ఉంటే కొండకి అవతల పడు. అక్కడ నా పిల్లలు లేరు."

నాలుగు చినుకులు పడ్డాయి. మబ్బు కొండ మీదికి పోయింది. మర్నాడు ఎండ. ఆ మర్నాడు కుంకుళ్ళు పూశాయి.

పూత అంటే అలా ఇలా కాదు. చెట్లన్నీ మీగడ పూసినట్టయ్యాయి. అడవంతా ఒకటే ఝుమ్మనే మోత. తేనెటీగలు వెళ్ళేవి వెళుతున్నాయి, వచ్చేవి వస్తున్నాయి, తొర్ర గుమ్మంలో పుప్పొడమ్మకి అరవడానికి కూడా తీరిక లేదు. ఆకలి రోజుల్లో తేనె తిని కట్టిన ఆ కొత్త గదులు ఒక్కొక్కటే నిండాయి.

మోత విని టకటకయ్య చింతగింజల కొట్టు వదిలి ఎగిరొచ్చాడు. మాను కొట్టాడు. ఎప్పుడూ టంగుటంగుమనే మాను ఈసారి దబ్బుదబ్బుమంది. లోపల ఖాళీయే లేదు. ఆయాసపడుతూ ఎండు చెట్టెక్కి అరిచాడు. "కొనండి."

అందరూ పరుగెత్తారు. చప్టా బండ నిండిపోయింది. కొనేవాళ్ళు వందమంది. అమ్మేవాళ్ళు సున్నా.

బండ మీద ఎలుగు మామ బిళ్ళల గుట్ట పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "మామా, దొప్పకి ఒకటి," అన్నాడు గంతులయ్య.

"ఊహూ."

"నాలుగు దొప్పలకి."

"ఊహూ."

"పది. నా తోక కూడా ఇస్తాను."

"నీ తోక నాకెందుకురా, అది నీకే సరిగ్గా లేదు," అన్నాడు మామ.

అందరూ సూదమ్మ వైపు తిరిగారు. సూదమ్మ ముళ్ళు నిక్కబొడుచుకుంది. అంతటితో అందరూ మళ్ళీ అటు తిరిగారు.

పుష్యమాసం వచ్చింది. తొర్ర తెరిచారు. ఎలుగు మామ ఆనపకాయ బుర్రలన్నీ నింపుకుని, నింపినవాటిలో ఒకటి అక్కడికక్కడే ఖాళీ చేశాడు. సూదమ్మ బుర్ర నిండా తేనె తీసుకుంది. మిగతావాళ్ళు చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. కాసేపటికి ఆ చేతులన్నీ టకటకయ్య వైపు చూపించడం మొదలుపెట్టాయి.

"నువ్వే అమ్మమన్నావు," అంది ముసలి కోతి.

"మా తేనె పోగొట్టావు," అన్నాడు గంతులయ్య. "నీ ముక్కు విరిచెయ్యాలి."

"నేను అబద్ధం చెప్పలేదు," అన్నాడు టకటకయ్య. కుచ్చు వాలిపోయింది. "వచ్చే సంత మాట చెప్పాను. కారణం కూడా చెప్పాను. మీరు ఉంటే కదా వినడానికి?"

గొడవ పెద్దదైంది. చివరికి సూదమ్మ తేనె బుర్ర కింద పెట్టి ముందుకొచ్చింది. తను పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కానీ ఆ రోజు మాట్లాడింది.

"గంతులయ్యా, ముక్కు విరిచే ముందు నాకొకటి చెప్పు. ఆయన అమ్మండి అన్న రోజున ఎందుకు అమ్మమన్నాడు?"

"నాకేం తెలుసు?"

"తెలియకుండానే అమ్మావు. తెలియకుండానే కొన్నావు. నేనూ అలాగే కొన్నాను, గోతిలో ఉన్నదంతా ఇచ్చి. బలుసు పొద పట్టుకోకపోతే నేనూ నీ వెనకే అమ్మేదాన్ని. ఆయన మూడు మాటలు చెబితే మనం ఒకటి విని పారిపోయాం. ఆ తప్పు ముక్కుది కాదు, కాళ్ళది."

కోతులు కాళ్ళు చూసుకున్నాయి. టకటకయ్య కుచ్చు కొంచెం లేచింది.

"కుచ్చు దించండి టకటకయ్యగారూ," అంది సూదమ్మ. "మీ సంగతి ఇంకా అవలేదు. మొదటి మాటకే అందరూ పరుగెత్తుతారని మీకు తెలుసు. ఒకసారి చూశారు, రెండుసార్లు చూశారు. అయినా మొదటి మాటే ముందు పెట్టారు. ఎందుకు? ఒక్క మాటకి అడవంతా కదిలితే చూడటానికి బాగుంటుంది కాబట్టి. అవునా, కాదా?"

టకటకయ్య కొమ్మని గోళ్ళతో గీశాడు.

"బాగుంటుంది," అని ఒప్పుకున్నాడు.

"అయితే ఇకనుంచి కారణం ముందు, కొనండి అమ్మండి చివర. మీ మాట ఎన్నాళ్ళు చెల్లుతుందో అది అన్నిటికంటే ముందు."

"అంత సేపు ఎవరు కూర్చుంటారు?" అన్నాడు గంతులయ్య.

"కూర్చోలేనివాడు ముక్కుని తిట్టకూడదు," అంది సూదమ్మ. బుర్ర ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ వారమే చలి ముదిరింది. పెద్దవాడు రెండుసార్లు దగ్గాడు. సూదమ్మ పిప్పళ్ల పొడి తేనెలో రంగరించి నాకించింది. వాడు ఇంకోసారి దగ్గాడు, ఆ మూడోది తేనె కోసం దొంగ దగ్గు. చిన్నది కూడా అదే పని చేసింది. సూదమ్మ చూసీచూడనట్టు ఇద్దరికీ ఇంకో చుక్క నాకించింది. ఆ ఏడు రాళ్ళగుట్ట కింద అందరూ హాయిగా నిద్రపోయారు.

ఒక పొద్దున్న గంతులయ్య గుమ్మంలో నిలబడ్డాడు. చెవులు రెండూ కిందికి వాలి ఉన్నాయి.

"తేనె ఇవ్వు అక్కా."

"కారణం ముందు," అంది సూదమ్మ.

గంతులయ్య ఒక చెవి ఎత్తాడు, దించాడు. "పిల్లలు దగ్గుతున్నారు. మూడు రోజులైంది. చిన్నవాడు అసలు తినడం లేదు. అమ్ముకున్న బిళ్ళల గురించి నేనేమీ అనను. వాళ్ళకి తొక్కుడుబిళ్ళలు కూడా లేకుండా చేసింది నేనే." ఆగాడు. "అందుకని తేనె ఇవ్వు అక్కా."

సూదమ్మ దొప్ప నిండా తేనె పోసి, పక్కన పిప్పళ్ల పొడి పొట్లం పెట్టింది. గంతులయ్య దొప్ప అందుకున్నాడు. అందుకోగానే వెనక్కి తిరిగి ఒక్క గెంతు గెంతాడు. పొట్లం అక్కడే ఉండిపోయింది.

"గంతులయ్యా," అంది సూదమ్మ. "నా మాట ఇంకా అవలేదు."

రెండో గెంతుకి కాళ్ళు లేపిన గంతులయ్య గాల్లోనే ఆగినట్టు ఆగాడు. కింద పడ్డాడు, తేనె మాత్రం ఒలకనివ్వలేదు. మెల్లగా వెనక్కి వచ్చాడు. గుమ్మం ముందు రెండు కాళ్ళూ మడిచి బుద్ధిగా కూర్చున్నాడు. రెండు చెవులూ నిటారుగా నిలబెట్టాడు.

"చెప్పు అక్కా," అన్నాడు. "చివరిదాకా చెప్పు."

నీతి: ఒక్క మాటకి ధర పెరగొచ్చు, తరగొచ్చు, కానీ తొర్రలో తేనె పెరగదు, తరగదు, చెప్పేవాడి మాట చివరిదాకా విని, వెళ్ళి చెట్టుని కళ్ళారా చూసి, ఆ తర్వాత నీ కాళ్ళు కదుపు.